లెక్కలో ఏమేం వేశారో ముందు చెప్పండి

సంపాదకులు గారికి,

నమస్కారాలు.

బెంగళూరు రోడ్ల గురించి మీ పత్రికలో వచ్చే వార్తలనూ, వాటి మీద పాఠకులు రాసే లేఖలనూ చాలాకాలంగా చదువుతున్నాను. సొరంగ మార్గం కావాలా వద్దా, మెట్రో ఛార్జీ ఎంత ఉండాలి, ఉన్న డబ్బుతో బస్సులు కొనాలా ఫ్లైఓవర్లు కట్టాలా అన్న వాదనల్లో ఈమధ్య ఒక మాట తరచుగా వినిపిస్తోంది. ఇటువంటి నిర్ణయాలను మనుషుల ఇష్టాయిష్టాలకు వదిలేయకుండా కంప్యూటర్‌కు అప్పగిస్తే, అన్నిటికంటే మేలైన దారి ఏదో అదే తేల్చి చెబుతుందని ఆ మాట సారాంశం. ఒక రోడ్డు రవాణా సంస్థ డిపోలో ముప్పై ఏళ్లు బస్సుల టైమ్‌టేబుళ్లు వేసి, పదవీ విరమణ చేసి, ఇప్పుడు కుందలహళ్లిలో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నవాణ్ణి. ఆ అనుభవంతో ఈ మాట మీద కొంత చెప్పాలనిపించి రాస్తున్నాను. లేఖ పొడవైంది, మన్నించండి.

గత నెలలో మా రోడ్డు మీద ఉన్న నాలుగు అపార్టుమెంట్ల సంఘాల వాళ్లు ఒకచోట కూర్చున్నారు. మెట్రో స్టేషన్ దాకా ఫీడర్ బస్సు నడపమని వినతిపత్రం ఇవ్వాలన్నది సంగతి. బస్సు ఏ దారిన వెళ్లాలో, ఎన్ని ఉండాలో మనమే ఒక ప్రణాళిక వేసి జతచేస్తే పని త్వరగా అవుతుందని ఎవరో సలహా ఇచ్చారు. మా బ్లాకులోనే ఉండే నెల్లూరు కుర్రవాడొకడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, రెండు రాత్రులు కూర్చుని ప్రోగ్రామ్ రాసి, ఆ ఫలితాన్ని క్లబ్‌హౌస్ గోడ మీద బొమ్మగా వేసి చూపించాడు. "ఇదే ఆప్టిమల్ అంకుల్, ఇంక డిస్కషన్ అక్కర్లేదు" అన్నాడు. ఆప్టిమల్ అంటే అన్నిటికంటే మేలైనదని. "దేనికి ఆప్టిమల్ బాబూ?" అని అడిగాను. ప్రశ్నకు నొచ్చుకోకుండా వెంటనే ఇంకో పేజీ తెరిచాడు. అతనిలో నాకు నచ్చింది అదే.

ఆ పేజీలో నాలుగు ప్రణాళికలున్నాయి. మొదటిదానిలో రెండు బస్సులు, రోజుకు 12 వేల రూపాయల ఖర్చు, ఇంటి గుమ్మం నుంచి స్టేషన్ మెట్ల దాకా నడక, ఎదురుచూపు, ప్రయాణం అన్నీ కలిపి సగటున 30 నిమిషాలు. రెండోదానిలో మూడు బస్సులు, 18 వేలు, 24 నిమిషాలు. మూడోదానిలో నాలుగు బస్సులు, 24 వేలు, 16 నిమిషాలు. నాలుగోదానిలోనూ బస్సులు నాలుగే గాని, అవి చెరువు వెనకనున్న రేకుల షెడ్ల కాలనీని చుట్టి రావాలి కాబట్టి ఖర్చు 25 వేలు, సమయం 22 నిమిషాలు. అంకెలన్నీ మేం అంచనాగా వేసుకున్నవే. విషయం తెలియడానికి అవి చాలు.

ఖర్చూ తగ్గాలి, సమయమూ తగ్గాలి అని కోరుకోవడం అవ్వా కావాలి, బువ్వా కావాలి అనడమే. అందులో తప్పేమీ లేదు, ప్రజారవాణా అంతా ఆ రెంటి మధ్యనే నడుస్తుంది. పరస్పరం పొసగని ఇటువంటి కోరికలను ఒకేసారి లెక్కలోకి తీసుకునే శాస్త్రాన్నే బహుళ లక్ష్యాల ఆప్టిమైజేషన్ అంటున్నారు. దీనికి మూలమైన ఆలోచనకు ఇటలీకి చెందిన విల్‌ఫ్రెడో పారెటో (1848–1923) పేరు పెట్టారు. ఆర్థికవేత్తగా పేరు పొందిన ఆయన ఉద్యోగం మొదలుపెట్టింది రైల్వే కంపెనీలో ఇంజినీరుగా అన్న సంగతి మా వృత్తివాళ్లకు కొంచెం గర్వంగానే ఉంటుంది. ఆ ఆలోచన చాలా సాదాది. ఒక ప్రణాళిక మరొకదానికంటే ఏ విషయంలోనూ తీసిపోకుండా, కనీసం ఒక్క విషయంలోనైనా మెరుగ్గా ఉంటే ఆ రెండోదాన్ని పక్కన పెట్టేయవచ్చు. అలా తీసేయగా మిగిలినవాటిలో ఏది ఎంచుకున్నా ఒకచోట కొంత పోగొట్టుకోకుండా ఇంకొకచోట కొంత సంపాదించలేం. ఆ మిగిలిన గుంపునే పారెటో సరిహద్దు అంటారు. మా నాలుగింటిలో నాలుగోది మూడోదానికంటే ఖర్చులోనూ ఎక్కువ, సమయంలోనూ ఎక్కువ కాబట్టి కుర్రవాడి ప్రోగ్రామ్ దాన్ని మొదటే కొట్టేసింది. మిగిలింది మూడు.

చాలామంది అనుకునేదానికీ వాస్తవానికీ ఇక్కడే తేడా వస్తుంది. శాస్త్రం తన పని ఇక్కడికి ముగించి, "ఈ మూడింటిలో మీకేది కావాలి?" అని మనవైపు తిరుగుతుంది. రోజుకు మరో పన్నెండు వేల రూపాయలు పోసి పద్నాలుగు నిమిషాలు కొనుక్కోవడం మేలా కాదా అన్నది ఏ ప్రోగ్రామూ చెప్పలేదు, అది డబ్బు పెట్టేవాళ్లూ బస్సు ఎక్కేవాళ్లూ కలిసి తేల్చుకోవలసిన మాట. మరి కుర్రవాడి ల్యాప్‌టాప్ ఒకే ఒక్కదాన్ని, మూడోదాన్ని, ఎలా తేల్చి చెప్పింది? ఖర్చుకు ఇంత, సమయానికి ఇంత అని తూకాలు వేసి, రెంటినీ కలిపి ఒకే అంకెగా మార్చి, ఆ అంకె ఎక్కడ తక్కువగా ఉంటే అదే మేలైనదని రాశాడు. తూకాలు ఎవరిచ్చారని అడిగితే "నేనే పెట్టాను అంకుల్, ఫిఫ్టీ-ఫిఫ్టీ" అన్నాడు. రూపాయినీ నిమిషాన్నీ ఒకే తక్కెడలో వేయాలంటే నిమిషం ఖరీదు ఎంతో ముందు ఎవరో ఒకరు నిర్ణయించాలి. ఆ నిర్ణయం అతను తెలియకుండానే చేసేశాడు. పెద్ద పెద్ద నివేదికల్లో అది తెలిసే చేస్తారు, కాకపోతే అనుబంధంలో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ప్రయాణికుడి గంటకు అతని సంపాదనను బట్టి విలువ కడితే, కారులో పోయే మేనేజరు గంట బస్సులో నిలబడి పోయే పనిమనిషి గంటకు ఎన్నో రెట్లు బరువు తూగుతుంది. అప్పుడు ఏ లెక్క వేసినా కార్ల దారే గెలుస్తుంది.

తూకాల పద్ధతిలో ఇంకో లోపముంది. కాగితం మీద వేసి చూస్తే గాని నేనూ నమ్మలేదు. మూడు బస్సుల ప్రణాళిక మొదటిదానికంటే త్వరగా చేరుస్తుంది, మూడోదానికంటే చవక. సంఘాల్లో ఎక్కువమందికి నచ్చింది కూడా అదే. అయినా ఖర్చుకూ సమయానికీ మీరు ఏ తూకాలు ఇచ్చినా ఆ ప్రణాళిక ఎన్నటికీ గెలవదు. మొదటిదాన్నీ మూడోదాన్నీ కలిపి సగటు తీస్తే 18 వేలు, 23 నిమిషాలు వస్తాయి. మధ్యదానిది 18 వేలు, 24 నిమిషాలు. ఆ ఒక్క నిమిషం తేడా వల్ల సమయానికి కాస్తయినా విలువ ఉన్నంతకాలం ఆ రెండు కొసల్లో ఏదో ఒకటి దాన్ని ఓడిస్తూనే ఉంటుంది. లెక్కను ఇలా వేసినవాడు మధ్యేమార్గం అనేదే లేదని మనస్ఫూర్తిగా నమ్ముతాడు, మనల్నీ నమ్మిస్తాడు. దీనికి విరుగుడు ఉంది. తూకాలు మానేసి, "రోజుకు 20 వేలు దాటకూడదు, ఆ లోపల సమయం ఎంత తగ్గించగలవో చూడు" అని అడిగితే మూడు బస్సుల ప్రణాళిక వెంటనే బయటికి వస్తుంది. ఆ హద్దును జరుపుకుంటూ పోతే సరిహద్దు మీద ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా కనిపిస్తాయి.

మా ఊరి బస్సుకు నాలుగు ప్రణాళికలే గాని, నగరం మొత్తానికి వేస్తే కోట్ల కలయికలు వస్తాయి, ఒక్కొక్కటీ చూడటం అసాధ్యం. ఆ పనికి ప్రపంచమంతా వాడే పద్ధతుల్లో ఒకటి మన కాన్పూర్ ఐఐటీలో పుట్టింది. కల్యాణ్‌మయ్ దేబ్, ఆయన సహచరులు 2002లో ప్రచురించిన ఎన్ఎస్‌జీఏ-2 అనే ఆ పద్ధతి ఒక ప్రణాళికల గుంపును తీసుకుని, వేరే ఏదీ ఓడించలేని వాటిని ముందు వరుసలో, వాటి చేతిలో మాత్రమే ఓడినవాటిని తర్వాతి వరుసలో నిలబెడుతుంది. ఒకే వరుసలో ఉన్నవాటిలో ఒకచోట గుమిగూడినవాటికంటే విడిగా నిలిచినవాటికి మొగ్గు చూపి, వాటిని కలిపి, కాస్త మార్చి, తర్వాతి తరాన్ని తయారుచేస్తుంది. విడిగా నిలిచినదానికి మొగ్గు చూపడం నాకు బాగా నచ్చింది. చివరికి మన ముందు ఒకే తరహా ప్రణాళికలు పది కాకుండా, ఒకదానికొకటి నిజంగా తేడా ఉన్నవి పది నిలవాలన్నది దాని ఉద్దేశం. ఈ పద్ధతిని వాడుకుని చివరికి ఒక్కదాన్నే బయటపెట్టి మిగతా తొమ్మిదినీ బీరువాలో దాచితే, అంత కష్టపడినదంతా వృథా చేసినట్టే.

ఇంతకీ నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది తూకాల గురించి కాదు. ఆ సమావేశంలో మా ఇంట్లో వంట చేసే ఆవిడ కూడా వెనక నిలబడి వింది. కదిరి వైపు నుంచి వచ్చి ఆ చెరువు వెనక కాలనీలోనే ఉంటుంది. "ఆ నాలుగోది మా తట్టు వస్తాదా సార్?" అని నన్ను మెల్లగా అడిగింది. కొట్టేసిన ప్రణాళిక అదే. నేనూ కుర్రవాడూ మర్నాడు ఉదయం ఆ కాలనీ నుంచి బస్సు ఆగే చోటికి నడిచి చూశాం. ఫోన్‌లోని మ్యాపు 1,200 మీటర్లు అంది. కాని ఆ దారి ఒక లేఔట్ లోపలి నుంచి పోతుంది, దాని వెనక గేటుకు ఎప్పుడూ తాళమే. చుట్టూ తిరిగి, మురుగుకాలువ మీద వేసిన రెండు రాతిబండలు దాటి, మేం నడిచింది 1,800 మీటర్లు. కుర్రవాడి బూట్ల నిండా బురద. ఆ సాయంత్రమే అతను ప్రోగ్రామ్‌లో మూడో లక్ష్యం చేర్చాడు: అందరికంటే ఎక్కువ దూరం నడవవలసిన మనిషి ఎంత నడవాలి అని. మొదటి మూడు ప్రణాళికల్లో అది 1,800 మీటర్లకు తగ్గలేదు, నాలుగోదానిలో 300. అంతే, నిన్నటిదాకా ఎందుకూ పనికిరాదని కొట్టేసిన నాలుగోది లేచి వచ్చి సరిహద్దు మీద కూర్చుంది. దానిలో ఏమీ మారలేదు, మేం అడిగిన ప్రశ్నల జాబితా మారింది.

ఈ తప్పు నాకు కొత్త కాదు. 1990ల మొదట్లో రాయలసీమలోని ఒక డిపోలో పనిచేసేటప్పుడు కంప్యూటర్లు లేవు. పెద్ద డ్రాయింగ్ షీటు మీద అడ్డంగా గంటలు, నిలువుగా ఊళ్లు గీసుకుని, ఒక్కొక్క బస్సుకు ఒక్కొక్క రంగు పెన్సిల్‌తో ఏటవాలు గీతలు గీసేవాళ్లం. మెయిన్ రోడ్డు నుంచి మూడు కిలోమీటర్లు లోపలికి ఉన్న ఒక పల్లెకు రోజుకు నాలుగు ట్రిప్పులు పోయి వచ్చేవి. ట్రిప్పుకు ఆరు చొప్పున 24 కిలోమీటర్లు, టికెట్లు చూస్తే అంతంతమాత్రం. ఆ నాలుగు గీతలనూ నేను రబ్బరు పెట్టి చెరిపేశాను. ఈపీకే, అంటే కిలోమీటరుకు వచ్చే రాబడి, పెరిగింది. డ్రైవర్ కండక్టర్ల డ్యూటీ ఎనిమిది గంటల్లో ఇమిడింది. మేనేజరు గారు శభాష్ అన్నారు. నెల తిరగకముందే ఆ ఊరి మనిషొకామె ఖాళీ గంప చంకన పెట్టుకుని డిపో గేటు దగ్గరికి వచ్చింది. "గంప ఎత్తుకొని క్రాసు కాడికి వచ్చేలోపల మార్కెట్టు అయిపోతాంది నాయినా, మా ఊరు నీకు కానరాలేదా?" అని అడిగింది. ఊరు నా షీటులో ఉంది. గంప మోసుకుని నడిచే దూరానికి మాత్రం నేను గడి గీయలేదు. ఉదయం ఒకటి, బడి వదిలే వేళకు ఒకటి, రెండు ట్రిప్పులు తిరిగి వేయించడానికి నాకు మూడు నెలలు పట్టింది.

ఇప్పుడు మన నగరం సంగతికి వస్తాను. కేంద్ర ప్రభుత్వం 2006లో ప్రకటించిన జాతీయ పట్టణ రవాణా విధానం రోడ్డు మీద కదలవలసింది వాహనాలు కావు, మనుషులు అని స్పష్టంగానే చెప్పింది. ఒక కూడలి మీదుగా గంటకు ఎన్ని వాహనాలు పోతాయన్నది లక్ష్యంగా పెట్టుకుంటే ఫ్లైఓవర్ గెలుస్తుంది. ఎంతమంది మనుషులు పోతారన్నది లక్ష్యంగా పెట్టుకుంటే యాభైమందితో పోయే బస్సుకు ప్రత్యేకంగా ఒక వరస కేటాయించడం గెలవవచ్చు. 2019లో ఔటర్ రింగ్ రోడ్డు మీద సిల్క్‌బోర్డు నుంచి కె.ఆర్.పురం వైపు బస్సులకు అలాంటి వరస ఇచ్చి చూశారు; తర్వాత మెట్రో పనుల్లో అది చెదిరిపోయింది. 2016లో బసవేశ్వర సర్కిల్ నుంచి హెబ్బాళ దాకా ఉక్కు ఫ్లైఓవర్ ప్రతిపాదించినప్పుడు ఎనిమిది వందలకు పైగా చెట్లు పోతాయని జనం రోడ్డెక్కి మానవహారం కట్టారు, 2017 మార్చిలో ప్రభుత్వం దాన్ని విరమించుకుంది. చెట్లు కూడా ఒక లక్ష్యమని జనం వీధిలో నిలబడి చెప్పవలసి వచ్చింది. అదే గడి మొదటే కాగితం మీద ఉండి ఉంటే, తక్కువ చెట్లు పోయే మార్గాలు ఏవి, వాటికి ఎంత ఖర్చు, ఎన్ని నిమిషాలు నష్టం అన్నవి ఆనాడే మనకు తెలిసేవి.

అలాగని లక్ష్యాల మధ్య బేరం పెట్టి సరైన నిర్ణయం తీసుకున్న సందర్భాలు లేకపోలేదు. 2025 ఆగస్టు 10న ఆర్.వి.రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా 19 కిలోమీటర్ల మెట్రో పసుపు లైను ప్రారంభమైనప్పుడు దగ్గర ఉన్నవి మూడు రైళ్లే, 25 నిమిషాలకొకటి. రైళ్లన్నీ వచ్చేదాకా ఆగితే సేవ బాగుంటుంది, ఆగకుంటే ఎలక్ట్రానిక్ సిటీ వాళ్లకు వెంటనే ఎంతో కొంత దారి దొరుకుతుంది. ఆగకపోవడమే మంచిదైందని నా అభిప్రాయం. అదే ఏడాది ఫిబ్రవరిలో మెట్రో గరిష్ఠ ఛార్జీని 60 నుంచి 90 రూపాయలకు పెంచారు. అక్కడా రెండు కోరికలున్నాయి: నిర్వహణ ఖర్చు రాబట్టుకోవాలి, స్కూటర్ మీద పోయేవాణ్ణి రైలెక్కించాలి. ఛార్జీ ఎంత పెడితే రాబడి ఎంత, ఎంతమంది తిరిగి స్కూటర్ ఎక్కుతారు అన్న పట్టికను ముందుగా జనం ముందు పెట్టి ఉంటే, పెంపు మీద వచ్చిన గగ్గోలు కొంత తగ్గేదేమో.

హెబ్బాళ నుంచి సిల్క్‌బోర్డు దాకా దాదాపు 17 కిలోమీటర్ల సొరంగ మార్గం మీద నడుస్తున్న చర్చలో నేను ఏ పక్షమూ తీసుకోవడం లేదు. దాని పక్కన నిలబెట్టి పోల్చవలసిన ప్రణాళికలు మనకు పట్టికగా కనిపించాలన్నదే నా కోరిక. అదే డబ్బుతో ఎన్ని బస్సులు, అదే మార్గంలో మెట్రో, సబర్బన్ రైలు త్వరపెట్టడం, కేవలం పేవ్‌మెంట్లు బాగుచేయడం, అసలేమీ చేయకపోవడం కూడా ఆ పట్టికలో ఉండాలి. రోడ్డు వేస్తే జనం ఎలా మారతారన్నది లెక్కలో లేకపోతే ఆ పట్టికా నమ్మదగినది కాదు. కొత్త రోడ్డు చేర్చినందువల్లే అందరి ప్రయాణ సమయం పెరిగే సందర్భం ఉంటుందని జర్మన్ గణితవేత్త డీట్రిష్ బ్రెస్ 1968లోనే నిరూపించాడు. అమెరికా నగరాల్లో అంతర్రాష్ట్ర రహదారులు ఎంత నిష్పత్తిలో పెరిగాయో వాహనాలు తిరిగే కిలోమీటర్లూ దాదాపు అంతే పెరిగాయని డ్యురాంటన్, టర్నర్ అనే ఆర్థికవేత్తలు 2011లో లెక్క తేల్చారు. రైళ్ల అంచనాలకూ ఇదే జాగ్రత్త కావాలి. వివిధ దేశాల ప్రాజెక్టులను పరిశీలించిన డెన్మార్క్ పరిశోధకుడు బెంట్ ఫ్లివ్‌బియర్గ్ బృందం, పది రైలు ప్రాజెక్టుల్లో తొమ్మిదింటికి ప్రయాణికుల సంఖ్యను ఎక్కువచేసి అంచనా వేశారని 2005లో చూపింది. కాబట్టి అంచనా సగానికి పడిపోయినా పట్టికలో నిలబడే ప్రణాళిక ఏదో కూడా చూడాలి.

అన్నిటినీ లక్ష్యాలుగా పెట్టుకోవడమూ తెలివి కాదు. లక్ష్యాలు నాలుగైదు దాటి పదీ పదిహేనూ అయితే ప్రతి ప్రణాళికా ఏదో ఒక విషయంలో ముందుంటుంది, దేన్నీ దేనితోనూ కొట్టేయలేం, సరిహద్దు మీద గుంపంతా మిగిలిపోతుంది. కొన్నిటిని బేరానికి పెట్టకుండా షరతులుగానే ఉంచాలి. పదో తరగతిలో లెక్కలకు వంద వచ్చినా తెలుగులో పాస్ మార్కులు రాకపోతే తప్పినట్టే, మొత్తం మార్కులు ఎవరూ చూడరు. పాదచారి ప్రాణభద్రత, దివ్యాంగులు ఎక్కి దిగే వీలు, చెరువులోకి నీరు వచ్చే కాలువ మూసుకుపోకుండా ఉండటం, ఇవి నా లెక్కలో పాస్ మార్కుల కిందికి వస్తాయి. నిమిషాలు ఎన్ని ఆదా అయినా వీటిని అమ్ముకోకూడదు.

లెక్క ఎంత గొప్పదైనా జాబితాలో లేనివాళ్లు తర్వాత వచ్చి తలుపు తడతారనడానికి బోస్టన్ నగరం ఉదాహరణ. అక్కడి బడి బస్సుల దారులను ఎంఐటీ పరిశోధకుల ప్రోగ్రామ్‌తో తిరిగి కూర్చితే దాదాపు 50 బస్సులు తగ్గాయి, అందరూ మెచ్చుకున్నారు. 2017 డిసెంబరులో అదే బృందం లెక్కతో బడులు మొదలయ్యే వేళలను మార్చబోయారు. పెద్దపిల్లలకు నిద్ర చాలాలి, చిన్నపిల్లలు చీకటిపడకముందే ఇల్లు చేరాలి, బస్సులు తగ్గాలి, లక్ష్యాలన్నీ మంచివే. కాని చాలా బడుల వేళలు ఒక్కసారిగా గంటా రెండు గంటలు మారడంతో ఉద్యోగాలకు పోయే తల్లిదండ్రులు తిరగబడ్డారు, ఆ నెలలోనే ప్రణాళికను వెనక్కి తీసుకున్నారు. అక్కడ ప్రోగ్రామ్‌లో పొరపాటేమీ లేదు. దారులు మారితే నష్టపోయేవాళ్లు తక్కువ, వేళలు మారితే ప్రతి ఇంటిలోనూ ఎవరో ఒకరి ఉద్యోగం అటూఇటూ అవుతుంది. ఆ గడిని గీయవలసిన తల్లిదండ్రులను ముందుగా సరిగా పిలవలేదు.

మనకు చట్టాలూ విధానాలూ లేక కాదు. 2017 నాటి మెట్రో రైలు విధానం కేంద్ర సాయం కోరే ప్రతి ప్రాజెక్టుకూ ప్రత్యామ్నాయాల విశ్లేషణ తప్పనిసరి చేసింది, పెట్టిన డబ్బు మీద సమాజానికి ఏటా కనీసం 14 శాతం ఆర్థిక ప్రతిఫలం ఉండాలంది. నగరం మొత్తం రవాణాను ఒకచోట నుంచి చూడటానికి 2022 నాటి బెంగళూరు మహానగర భూ రవాణా సంస్థ చట్టం ఉంది. లెక్కలు వేయగల నిపుణులు మన నగరంలోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ)లోనే ఉన్నారు. జరగవలసింది ఒక్కటే. ఏ పెద్ద ప్రాజెక్టుకైనా టెండరు పిలవకముందు, అసలు లెక్క మొదలుపెట్టకముందే, ఏయే లక్ష్యాలు, ఏయే షరతులు లెక్కలోకి తీసుకుంటున్నారో ఒక పేజీలో కన్నడంలోనూ, ఇక్కడ బతుకుతున్న మనబోటివాళ్లకు అర్థమయ్యే ఇతర భాషల్లోనూ ప్రకటించి, జనం చెప్పే గడులు చేర్చుకోవాలి. లెక్క అయ్యాక ఒకదాన్నొకటి ఓడించలేని ఎనిమిదో పదో ప్రణాళికలను పట్టికగా, ఎవరికి నష్టమో తెలిపే గడితో సహా బయటపెట్టాలి. ఆ తర్వాత ఎన్నికైన ప్రతినిధులు వాటిలో ఒకదాన్ని ఎంచుకుని, ఎందుకు ఎంచుకున్నారో తమ నోటితో చెప్పాలి, "సిస్టమ్ చెప్పింది" అని తప్పించుకోకూడదు.

మా ఫీడర్ బస్సు విషయానికొస్తే, రెండో సమావేశంలో అయిదో ప్రణాళిక ఒకటి తేలింది. మూడు బస్సులే, ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా, సాయంత్రం మళ్లీ మూడు గంటలు కాలనీని చుట్టి వస్తాయి, మిగతా వేళల్లో తిన్నగా పోతాయి. ఖర్చు 19 వేలు, సగటు సమయం 26 నిమిషాలు, ఆ వేళల్లో కాలనీ వాళ్ల నడక 300 మీటర్లు. మా బ్లాకులో ఇద్దరు పెద్దమనుషులు రెండోదానికంటే పెరిగిన ఆ రెండు నిమిషాల గురించి ఇప్పటికీ గొణుగుతూనే ఉన్నారు. వినతిపత్రంలో ఒక్కదాన్నే అడగకుండా అయిదింటినీ పట్టికగా జతచేసి, మేం కోరేది అయిదోదని రాసి, కాలనీ వాళ్ల సంతకాలతో కలిపి పంపాం. నడక దూరం గడిలో మ్యాపు చెప్పిన అంకె కొట్టేసి మేం నడిచి కొలిచినది వేశాం. ఆ పట్టిక ప్రతి ఒకటి ఈ లేఖతో జతపరుస్తున్నాను. చోటుంటే ప్రచురించగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత రవాణా ఉద్యోగి,
కుందలహళ్లి, బెంగళూరు.